గోడ మీద చెయ్యి

మేమిద్దరం ఎంత కొట్లాడుకున్నా పక్క క్వార్టర్‌కు వినిపించేది మా ఆయన గొంతు ఒక్కటే. అందుకని కాలనీలో అందరూ సదయ్య భార్య అనసూర్య నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవారు. నిజానికి ఆయన ఒకటంటే నేను పది అనేదాన్ని. కాకపోతే చప్పుడు చేయకుండా, పెదవులు మాత్రం కదిలించి అనేదాన్ని. చెవులు వినపడని మనిషిని తిట్టడానికి గొంతెందుకు నొప్పి పెట్టుకోవాలి?

ఆయన పుట్టు చెవిటి కాదు. గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగిన మనిషి. బండలు పేల్చే మోత, డ్రిల్లు మోత కలిసి ఇరవై ఏళ్ళలో రెండు చెవులనూ తినేశాయి. ఆ సంగతి పైవాళ్ళకు తెలిస్తే పని పోతుందని మూడో కంటికి తెలియనివ్వలేదు. తెలిసింది నాకూ, ఆయనతోపాటు షిఫ్టుకు పోయే పోశానికీ మాత్రమే. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేయగానే ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రోజూ ఒక గంట నా పెదవులు చూపించి మాటలు నేర్పాను. బాయి లోపలి చీకట్లో పోశం ఏదన్నా చెప్పాలంటే ముందు తన టోపీ లైటు తీసి మూతి మీదికి తిప్పుకునేవాడు. తర్వాత మాట్లాడేవాడు.

ఆయన పని టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. నిలబెట్టే ముందు కప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టి కప్పయితే ఖణేలుమంటుంది, వదిలిన కప్పు డొల్లగా పలుకుతుంది. చెవులు పోయాక ఆయన కుడిచేత్తో కొడుతూ ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించేవాడు. గట్టి కప్పు చేతికి కదలదు, వదిలిన కప్పు వణుకుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత చెప్పినవాడు మా ఆయన్ని చూసి ఉండడు. శంఖానికి చెయ్యి ఆనించనిస్తే ఊదింది ఎవరో కూడా చెప్పేవాడు. కప్పు వదిలిందని చేతికి తెలిస్తే అందరినీ ముందు బయటికి తోలి, ఆఖరున తాను వచ్చేవాడు. అట్లా ముగ్గురు బతికారని పోశం ఇప్పటికీ చెబుతాడు, అందులో తానొకడు కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాడు.

ఆయన పని నుంచి దిగిపోయి ఎనిమిదేళ్ళయింది. పెన్షన్, క్వార్టర్ వెనుక నాలుగు బీరపాదులు, నాతో పోట్లాట, అంతా బాగానే సాగుతుండగా కరోనా వచ్చి లోకంలో అందరి మూతులకూ గుడ్డ కట్టింది. మిగతావాళ్ళకు ఊపిరాడక ఇబ్బంది, మా ఆయనకు మాట ఆడక ఇబ్బంది. మార్కెట్లో కూరగాయలామె ఏదో అంటుంది, ఈయన ఆమె మాస్కు వైపు గుడ్లప్పగించి చూస్తాడు, ఆమె నన్నెందుకట్లా చూస్తున్నావని గయ్యిమంటుంది. రెండుసార్లు అట్లా అయ్యాక బజారుకు పోవడమే మానేశాడు. ఇంట్లో ఉన్నంతసేపు నా ముఖం వైపే చూస్తూ కూర్చునేవాడు. ఆయనకు మిగిలిన నోరు నాదొక్కటే. ఆయనకు అక్షరం ముక్క రాదు, జీతమప్పుడు కూడా వేలిముద్రే, కాబట్టి రాసి చూపించే దారి కూడా లేదు.

రెండో వేవులో, మే నెలలో ఆయనకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు ఆయాసం. అంబులెన్సులో తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు ఇద్దరు దిగారు. వాళ్ళకు కళ్ళు కూడా సరిగా కనిపించడం లేదు, అద్దాలే. ఆయన వాళ్ళను చూడలేదు, నన్ను చూశాడు. ఏమంటున్నారో చెప్పమని. నేను మాస్కు దించి, "దవాఖానకు తీస్కపోతున్నరు. నేను" అని పెదవులతో అంటుండగానే వాళ్ళలో ఒకాయన, "మాస్కు పెట్టుకో అమ్మా, నీక్కూడా అంటుకుంటది" అని అరిచాడు. ఠక్కున పెట్టుకున్నాను. నేను వెనుకనే వస్తా, ఫికర్ చెయ్యకు అనే మాట గుడ్డ వెనుకే ఉండిపోయింది. తలుపు మూసేదాకా ఆయన ఆ గుడ్డనే చూస్తున్నాడు. ఎవరో అరిస్తే ఎందుకు భయపడ్డానో నాకే తెలియదు. జన్మలో ఎవరికీ భయపడనిదాన్ని, ఆ ఒక్క నిమిషం భయపడ్డాను.

మూసేసిన ఒక బడిని కరోనా సెంటరు చేశారు. అందులో పెట్టారు ఆయన్ని. పోశం మోపెడ్ మీద వెనుకే పోయాను గానీ గేటు దగ్గరే ఆపేశారు. పాజిటివ్ ఉన్నవాళ్ళకే లోపలికి దారి అన్నారు. అయితే నాకూ పాజిటివ్ రావాలని అప్పటికప్పుడు పోయి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను. నెగెటివ్ వచ్చింది. ఒక ఇంట్లో, ఒక కంచంలో తిన్న మనిషికి నెగెటివ్ ఎట్లా వస్తుందని ఆ పరీక్ష చేసిన పిల్లగాడితో గొడవపడ్డాను. రెండు రోజులాగి మళ్ళీ పోయాను. మళ్ళీ నెగెటివ్. వాకిట్లో కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి లస్మవ్వ గోడ అవతల నుంచే పరామర్శించింది.

"పాజిటివా వదినె?"

"కాదు."

"మరి ఏడ్సుడేంది? లోకమంత నెగెటివ్ రావాలని ముడుపులు కడుతుంటె."

ఆమెకేం చెప్పను. ముప్పై ఎనిమిదేళ్ళలో మేమిద్దరం రెండు పూటల కన్నా ఎక్కువ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉన్నది లేదు. ఇంట్లో పెదవులు కదిలిస్తే చూసేవాళ్ళు లేరు. పొయ్యి దగ్గర నా అంతట నేనే చప్పుడు లేకుండా ఏదో అంటూ, అటు తిరిగి చూసేదాన్ని.

మూడో రోజు ఆ సెంటరు నుంచి నర్సు ఫోన్ చేసింది. పేరు మహెజబీన్, బసంత్‌నగర్ నుంచి డ్యూటీకి వస్తుంది. "పెద్దమ్మా, కాకకు మేం చెప్పేది ఒక్క ముక్క సమజైతలేదు. ఆక్సిజన్ మాస్కు తీసి తీసి పడేస్తున్నడు. వీడియో కాల్ చేస్త, మీరు చెప్పండి" అంది. ఆ పిల్లకు వచ్చిన ఆలోచన ఎవరికీ రాలేదు, చల్లగా ఉండాలి. నేను తల దువ్వుకుని, దీపం ముందు కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకున్నాను. తెరమీద ఆయన కనిపించాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. నేను మొదలుపెట్టగానే సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. అక్కడ ఆయనకు నా ముఖం నోరు సగం తెరిచి, కళ్ళు సగం మూసి అట్లాగే నిలిచిపోయిందట. ఆయన దాన్ని చాలాసేపు చూసి, వేలితో తాకి, గోడవైపు తిరిగి పడుకున్నాడని మహెజబీన్ చెప్పింది. తర్వాత మూడుసార్లు చేసినా ఫోను వైపు తిరగలేదట.

ఆరో రోజు పొద్దున్నే మళ్ళీ ఆమే చేసింది. గొంతు మారిపోయి ఉంది.

"పెద్దమ్మా, కాకకు దిమాగ్ పనిచేస్తలేదంటున్నరు. నిన్న లేచి పక్క మంచాలోళ్ళ మాస్కులు పీకి, చేతులు పట్టి బయటికి గుంజిండు. ఒకామె కింద పడ్డది. ఇద్దరు పట్టుకొని చేతులు మంచానికి కట్టిన్రు. మధ్యాహ్నం అంబులెన్సుల వరంగల్ పంపుతరట."

చేతులు కట్టారు అనే మాట దగ్గరే నా మెదడు ఆగిపోయింది. మా ఆయనకు చెవులు లేవు, ఇప్పుడు ఎదుటివాళ్ళకు నోర్లు లేవు. మిగిలినవి చేతులు. అవీ కట్టేశారు. అట్లా కట్టి ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఊరికి పంపితే ఆ మనిషి ఒక్క రోజు కూడా ఉండడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ తిట్టడానికి అప్పుడు టైము లేదు.

"బిడ్డా, మంచిగ యాది చేసుకొని చెప్పు. లేవకముందు ఏం చేసిండు?"

"ఏం లేదు పెద్దమ్మా. కరెంటు పోయింది, ఇప్పటిదాక రాలే. గోడకు చెయ్యి పెట్టుకొని కూసున్నడు. మీద నుంచి సున్నం పెచ్చు ఒకటి రాలింది. అప్పుడు లేచిండు."

"ఆ గోడవతల ఏమున్నది?"

"జనరేటర్."

నాకంతా అర్థమైంది. ఆయనకు మతి పోలేదు. పాతబడిన బడి, జనరేటర్ మొదలుకాగానే గోడ వణికింది, పెచ్చు రాలింది. టింబర్‌మన్ చెయ్యి దాన్ని వదిలిన కప్పు అనుకుంది. ఆయన బాయిలో ఎప్పుడూ చేసిన పనే చేశాడు, అందరినీ ముందు బయటికి తోలబోయాడు.

పోశాన్ని లేపి మోపెడ్ తీయించాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే ఈసారి భయపడలేదు. చప్పుడు లేకుండా కాదు, ముప్పై ఎనిమిదేళ్ళ గొంతు అంతా పెట్టి అరిచాను. లోపల నుంచి డాక్టర్ వచ్చాడు. వేణుమాధవ్ అని చొక్కా మీద రాసుంది. చిన్నవాడు, నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముప్పై మంచాలకు ఒక్కడేనట.

"అమ్మా, ఆయన వల్ల ఇంకొకరి ప్రాణం పోతే ఎవరు జవాబు చెప్పాలె?" అన్నాడు.

"సార్, ఆయన వాళ్ళ పానాలు కాపాడ్తున్న అనుకున్నడు" అని బాయి సంగతి, కప్పు సంగతి, జనరేటర్ సంగతి చెప్పాను. పోశం పక్కనే నిలబడి, "నిజమే సార్, నేను గా చెయ్యి వల్లనే బతికిన" అన్నాడు. డాక్టర్ వెనుకే వచ్చిన మహెజబీన్ ఆయనతో ఏదో మెల్లగా మాట్లాడింది. చివరికి, "పది నిమిషాలు. సూటు వేసుకొని పోవాలె. మాస్కు దించితే మాత్రం మిమ్మల్ని నేనే బయటికి పంపుత" అన్నాడు.

ఆరు రోజులుగా లోపలికి పోవడం కోసమే ఏడ్చిన మనిషిని. ఇప్పుడు పోతున్నాను. ఆ తెల్ల సూటులో చెమటతో ఉడికిపోతూ, కళ్ళద్దాలు ఆవిరిపట్టి, తడుముకుంటూ పోయాను. ఆయన మంచం గోడవారన ఉంది. రెండు మణికట్లకు గుడ్డ కట్టి మంచానికి ముడేశారు. ఆక్సిజన్ మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆయన లెక్కకు నేనూ ఆ తెల్లవాళ్ళలో ఒకదాన్నే. ఇంత దూరం వచ్చి, పక్కన నిలబడి, నేనెవరో చెప్పలేకపోవడం ఎంత నరకమో చెప్పలేను. భుజం తట్టాను, కదలలేదు. నా దగ్గర ఇంకేముంది? వేళ్ళు మడిచి నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేశాను.

ఏ నర్సూ పేషెంటుకు మొట్టికాయ వేయదు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నా అద్దాల్లోకి చూస్తూ, వార్డంతా వినిపించేలా, "అనసూర్యా" అన్నాడు. చెవులు పోయినప్పటినుంచి తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు.

"నువ్వు సచ్చిపోయినవనుకున్న. నీ ఫొటో తెచ్చి సూపెట్టిన్రు. కండ్లు మూసి ఉన్నవ్ అందుల" అన్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు. నేను తల అడ్డంగా ఊపాను. అలవాటుకొద్దీ పెదవులు కదిలించి ఏదేదో చెప్పాను. మూతికి రెండు మాస్కులున్నాయని మరిచిపోయాను. "ఏమంటున్నవో కనవడ్తలేదు" అన్నాడు. నా చెయ్యి దానంతటదే మాస్కు మీదికి పోయింది. మహెజబీన్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ముందు కట్లు విప్పమన్నాను. ఆమె విప్పింది. ఆయన ఎడమచెయ్యి ముందు నా తలను తడిమింది, తర్వాత పోయి గోడకు ఆనింది. అంతే, మొహంలో సంతోషమంతా రాలిపోయింది.

"నువ్వెందుకొచ్చినవ్ ఈడికి? రూఫ్ వదిలింది. పో, బయటికి పో. జల్ది పో."

నేను గోడ అవతలికి వేలు చూపించి, జనరేటర్ తిరుగుతున్నట్టు చెయ్యి గుండ్రంగా తిప్పాను.

"గదే, గదే. నీగ్గూడ తెలిసింది గదా. ఇంక నిలవడ్తవేంది?"

ఇంక ఏం చేసినా తలకిందులే అవుతోంది. జనరేటర్ ఆపి చూపిద్దామంటే దానిమీద ముప్పైమంది ఊపిరి ఉంది. ఆయన రొప్పుతూ నన్ను తోస్తున్నాడు, ఆ చేతిలో పసిపిల్లవాడంత బలం కూడా లేదు. వేలికి పెట్టిన మిషనులో ఆక్సిజన్ ఎనభై ఆరు ఉన్నది ఎనభై రెండుకు పడింది. నేను మంచం పట్టీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వచ్చిందాన్ని పోను అనుకున్నాను. నాకిచ్చిన పది నిమిషాల్లో నాలుగు కూడా కాలేదు.

అప్పుడు ఆయన నాతో బేరం పెట్టాడు. ఆక్సిజన్ మాస్కు తానే ఎత్తి ముక్కు మీద పెట్టుకుని, మళ్ళీ కొంచెం పక్కకు జరిపి మాట్లాడాడు.

"ఇగో, పెట్టుకున్న. ఇగ తియ్య. చేతులు కట్టకుమని చెప్పు. గోడకు చెయ్యి ఆనిచ్చి పండుకుంట, మల్ల ఎక్కువైతె నేనే అందరికి చెప్త. ఎవర్ని గుంజ, అరిసి చెప్త. నువ్వు మాత్రం పో. నువ్వు ఈడుంటె నాకు ఊపిరి ఆడది."

మాస్కు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను కదిలానా లేదా అని మళ్ళీ ఒక కన్ను తెరిచి చూశాడు. లేచాను. పెళ్ళయిన నాటినుంచి ఆయన మాట ఒక్కటి వినలేదని మా అత్త సాధించేది. ఆ రోజు విన్నాను.

డాక్టర్‌కు బేరం సంగతి చెప్పాను. ఆయన వార్డులోకి పోయి చూసి వచ్చాడు. "మాస్కు ఉంచుకుంటున్నడు. చెయ్యి గోడ మీద పెట్టుకుంటె నాకేం నష్టం లేదు. ఈ రోజుకు అంబులెన్సు వద్దని చెప్త, రేపు చూద్దాం" అన్నాడు. కట్టిన గుడ్డలు చెత్తబుట్టలో వేయించాడు. ఆ కుర్ర డాక్టర్‌ను పొద్దున తిట్టకపోవడమే మంచిదైంది.

సూటు విప్పి బయటికి వచ్చేసరికి మహెజబీన్ ఆయన మంచాన్ని అదే గోడకు కిటికీ ఉన్న వైపుకు జరిపించింది. "బయట నిలబడు పెద్దమ్మా. నువ్వు పోయినవా లేదా అని కాక తల ఎత్తి ఎత్తి చూస్తున్నడు" అని చెప్పింది. కిటికీకి రెండు బారల దూరంలో వేపచెట్టు ఉంది. దాని కింద నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. ఊచల వెనుక ఆయన ముఖం కనిపించింది. నా బుర్రకు అప్పుడు తట్టింది, ఇక్కడ మాస్కు దించవచ్చని.

దించాను. ఆరు రోజుల తర్వాత ఆయన ఎదుట నా నోటికి గుడ్డ లేదు. "అది రూఫ్ కాదు, జనరేటర్. నాకేం కాలేదు. నువ్వు మంచిగ తిను" అని మెల్లగా, విడివిడిగా, నేర్పిన తొలిరోజుల్లో అన్నట్టు అన్నాను. ఆయన నా పెదవులు చూడటం లేదు. ఆయన చూపు గోడకూ నా కాళ్ళకూ మధ్య నేలమీద తిరుగుతోంది. ఈ గోడ పడితే ఎందాకా వస్తుందో కొలుస్తున్నాడు. కుడిచెయ్యి పైకెత్తి దూరం పొమ్మని ఊపాడు.

నాలుగడుగులు వెనక్కి వేశాను. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఊపాడు. చెట్టు దాటాను, నీళ్ళ ట్యాంకు దాటాను. ప్రతి పదడుగులకూ ఆగి పెదవులు కదిలించాను, ప్రతిసారీ ఆ చెయ్యి ఇంకా ఇంకా అంది. దగ్గరికి రావాలని మూడు వారాలైనా ఆ గేటు ముందు పడుండేదాన్ని, ఆయన చెయ్యి ఊపితే నా అంతట నేను దూరం పోతున్నాను. వీపు గేటుకు తగిలాక ఆ చెయ్యి ఆగింది. అక్కడినుంచి ఆయన ముఖం నాకు తెలియడం లేదు, నా పెదవులు ఆయనకు తెలియవు. అయినా మాస్కు పెట్టుకోలేదు. పొద్దుగూకేదాకా అక్కడే నిలబడి, ఇంటి సంగతులన్నీ చెప్పాను.

ఆ రాత్రి, ఆక్సిజన్ తొంభై ఒకటికి వచ్చిందని మహెజబీన్ ఫోన్ చేసి చెప్పింది. కాక మాస్కు తీయలేదని, ఎడమచెయ్యి గోడ మీదే ఉందని, మధ్యమధ్యలో కిటికీ చూస్తున్నాడని చెప్పింది.

మర్నాడు ఎండ రాకముందే గేటు దగ్గరికి వచ్చాను. వాచ్‌మన్ ఏమీ అనలేదు. కిటికీలో ఆయన లేచే ఉన్నాడు. ఈ రోజన్నా రానిస్తాడేమోనని ముందుకు ఒక అడుగు వేశాను. చెయ్యి లేచింది. వెనక్కి వచ్చి నిలబడ్డాను.